చివరి ఆరు నిమిషాలు

సోహైల్ తన క్యాసెట్టు ఎవరికి వినిపించినా ఒకటే ప్రశ్న ఎదురయ్యేది. రెండు నిమిషాలు ఓపిగ్గా విని, తల ఊపి, "ట్రాక్ బాగా కుదిరింది. పాట ఎవరు పాడతన్నారు?" అనేవాళ్ళు. పాట లేదని, ఎవరూ పాడరని, మొత్తం ఇంతేనని చెప్పడం మొదట్లో అతనికి ఇష్టంగానే ఉండేది. పదిమందికి చెప్పేసరికి నోరు నొప్పి పుట్టింది. ఆ తర్వాత ఎవరడిగినా "ఇంకా అనుకోలేదండీ" అని ఊరుకున్నాడు.

ఊరుకోవడం అతనికి కొత్త కాదు. కృపానందం గారి ఆర్కెస్ట్రాలో పద్నాలుగేళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నాడు. విజయవాడ చుట్టుపక్కల పెళ్ళి రిసెప్షన్లు, చవితి పందిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, క్రిస్మస్ సభలు, ఏవీ వదల్లేదు. పాడేవాళ్ళు ముందుంటారు, అతను వెనక లైటు స్తంభం పక్కన. ఫోటోలు తీస్తే అతని మోచెయ్యి వరకే పడుతుంది. జనం ఒక చేత్తో ప్లేటు పట్టుకుని, రెండో చేత్తో తింటూ, పాట అయిపోయిందని కూడా చూసుకోకుండా మాట్లాడుకుంటూ ఉంటారు. వాళ్ళ తప్పు కాదు, భోజనానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. కీబోర్డు పెట్టె స్కూటరు మీద అడ్డంగా పెట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ తోలి తోలి, ముప్పై రెండేళ్ళకే కుడిభుజం పట్టేసింది. భార్య అఫ్సానా పొద్దున్నే వేడినీళ్ళ గుడ్డ వేస్తే గాని ఆ చెయ్యి పైకి లేచేది కాదు.

అతని తండ్రి కాశిం ఆటోనగర్లో లారీ బాడీలు కట్టేవాడు. నూర్‌బాషా ముస్లిములు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. సోహైల్ తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి తండ్రి షెడ్డులో చేరాడు. రేకు పట్టుకుని నిలబడటం అతని పని. తండ్రి సుత్తితో కొడుతుంటే ఆ అదురు మోచేతుల్లోంచి పళ్ళ దాకా పాకేది. ఒకరోజు కృపానందం గారు ఆర్కెస్ట్రా వ్యాను డోరు బాగు చేయించుకోవడానికి వచ్చి, పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నారు. పక్కషెడ్డులో సుత్తి ఒక లెక్కలో పడుతోంటే, ఈ కుర్రవాడు రేకు మీద గోళ్ళతో మరో లెక్క వేసి రెండూ ఒకచోట కలుపుతున్నాడు. కృపానందం గారు అది కనిపెట్టారు. ఆదివారం చర్చి అయ్యాక తన ఇంటికి రమ్మన్నారు. హార్మనీ మెట్లు నేర్పారు, తర్వాత కీబోర్డు. అలా షెడ్డు వదిలి స్టేజీ ఎక్కాడు.

స్టేజీ ఎక్కాక షెడ్డు చప్పుళ్ళు అతన్ని వదల్లేదు. వేరేవాళ్ళ పాటలు, వేరేవాళ్ళు చేసినట్టే, ఒక్క గమకం కూడా మారకుండా వాయించడమే ఆర్కెస్ట్రా వాడి పనితనం. ఆ పని చేసీ చేసీ, తన చెవిలో తిరిగేది ఒక్కసారి బయటపెట్టాలని అతనికి అనిపించింది. తొంభై తొమ్మిదిలో లబ్బీపేటలో జయంత్ అనే అతను ఆఫీసులో తీసేసిన కంప్యూటరు ఒకటి వాయిదాల మీద ఇచ్చాడు. సంగీతం చేసుకునే ప్రోగ్రాము కూడా అతనే వేసి పెట్టాడు. సోహైల్ చేసిన మొదటి ముక్క విని, దీన్ని బయటి దేశాల్లో ఎలక్ట్రానికా అంటారని చెప్పాడు. ఆ మాట సోహైల్‌కి నచ్చింది గాని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పాత టేప్ రికార్డరు, దానికి వైరు మైకు. అవి పట్టుకుని మధ్యాహ్నాలు ఆటోనగర్లో తిరిగేవాడు. గ్రైండింగు రాయి ఇనుము మీద ఆనిన చప్పుడు, లారీ స్ప్రింగుపట్టా కింద పడిన చప్పుడు, కంప్రెసరు గాలి వదిలే చప్పుడు. ఇంటికి తెచ్చి కంప్యూటర్లోకి ఎక్కించి, ముక్కలు చేసి, సాగదీసి, కీబోర్డుతో కలిపేవాడు. తెలిసినవాళ్ళు, కాశిం కొడుకు చెడిపోయిన సామాన్ల చప్పుళ్ళు ఏరుకుంటున్నాడని నవ్వుకున్నారు. రెండున్నరేళ్ళు పట్టింది. ఎనిమిది ముక్కలు. ఆల్బమ్‌కి 'షెడ్డు' అని పేరు పెట్టుకున్నాడు.

ఎనిమిదోది చివరిది, ఆరు నిమిషాలు. దాని పేరు 'రెండు ఫేజులు'. మోటారు తిరగాలంటే మూడు ఫేజులూ రావాలి. ఒకటి పోతే మోటారు తిరగదు, ఆగదు, ఉన్నచోటే ఉండి మూలుగుతుంది. వెంటనే స్విచ్చి కట్టెయ్యకపోతే లోపల వైండింగు కాలిపోతుంది. రెండువేల ఒకటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం షెడ్డులో కంప్రెసరు మోటారు అలా మూలగడం మొదలుపెట్టింది. కాశిం లేచేలోపు సోహైల్ మైకు దగ్గర పెట్టి, చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక్క నిమిషం అన్నాడు. ఆ ఒక్క నిమిషంలో పొగ వచ్చింది. మోటారు పోయింది. కాశిం రెండు వారాలు కొడుకుతో మాట్లాడలేదు.

ఆ నిమిషాన్ని సోహైల్ ఆరు నిమిషాలు చేశాడు. మొదట వినిపించీ వినిపించనట్టు ఉంటుంది. అడుగున అదే శ్రుతిలో కీబోర్డు స్వరం ఒకటి నిలబడుతుంది. మెల్లగా మూలుగు పెరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుందేమో అనిపిస్తుంది. తిరగదు. ముందున్న ఏడు ముక్కలూ దీని దగ్గరికి రావడానికే చేశానని అతను ఒక్క అఫ్సానాతోనే అన్నాడు. ఆమె, మీరు ఇంటికొచ్చి కుర్చీలో కూలబడినప్పుడు అచ్చం ఇలానే ఉంటారు అంది.

*

క్యాసెట్లు వేయించడానికి వన్ టౌన్‌లో బసవపున్నయ్య దగ్గరికి వెళ్ళాడు. బసవపున్నయ్య ఆ వీధిలో ఇరవై ఏళ్ళుగా రికార్డింగు సెంటరు నడుపుతున్నాడు. ఒకప్పుడు జనం ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ తెచ్చి ఇస్తే ఎక్కించి ఇచ్చేవాడు. ఇప్పుడు భజనలు, చర్చి పాటలు, దీక్షల పాటలు మూడేసి వందలు, అయిదేసి వందలు వేస్తున్నాడు. మూడు వందలకు తక్కువైతే మిషను వేడెక్కించనన్నాడు. అఫ్సానా గాజులు రెండు అందులోకి వెళ్ళాయి.

కవరు దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. ప్రెస్సువాళ్ళు పాడినవాళ్ళ ఫోటో అడిగారు. పాడినవాళ్ళు లేరంటే దేవుడి ఫోటో అయినా ఇవ్వమన్నారు. ఏ దేవుడూ లేడంటే, సరే మేం చూసుకుంటాంలే అని ఒక జలపాతం వేశారు. 'షెడ్డు' అన్న పేరు కింద జలపాతం. వెనక సోహైల్ పేరు, పటమట చిరునామా. సోహైల్ గొడవ పెట్టుకోలేదు. లోపల ఉన్నది బాగుంటే చాలనుకున్నాడు.

రెండువేల మూడు ఫిబ్రవరిలో అట్టపెట్టెలు ఇంటికొచ్చాయి. తెలిసినవాళ్ళకి పదిహేను ఇచ్చాడు. చల్లపల్లిలో రిసెప్షను ఉంటే వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర క్యాసెట్ల షాపులో పది పెట్టి వచ్చాడు. మిగతా రెండు వందల డెబ్భై అయిదు మంచం కిందే ఉన్నాయి. ఒక క్యాసెట్టు పెట్టి మొదటి రెండు ముక్కలు విన్నాడు, బాగా పడ్డాయి. ఈలోగా పెళ్ళిళ్ళు వరసపెట్టి వచ్చాయి. చివరిదాకా వినే తీరిక దొరకలేదు.

విన్నది అఫ్సానా. ఒక మధ్యాహ్నం వంకాయలు తరుగుతూ క్యాసెట్టు పెట్టుకుంది. అతను నిద్ర లేచి మొహం కడుక్కుంటుంటే అడిగింది.

"చివర్లో పిల్లనగ్రోవి ఎవరు వాయించారండీ? నాకు చెప్పనేలేదే."

పిల్లనగ్రోవి ఏమిటన్నాడు. ఆమె టేపు వెనక్కి తిప్పి వేసింది. ఏడో ముక్క అయిపోయింది. ఒక్క క్షణం ఖాళీ. తర్వాత తీయగా పిల్లనగ్రోవి, దాని వెంట తబలా. రిజర్వేషన్ కౌంటర్ల దగ్గరా, దంతాల డాక్టరు గదిలోనూ వినిపించే రకం. సోహైల్ తడి మొహంతోనే నిలబడి టేపు అయిపోయేదాకా విన్నాడు. ఇంకో క్యాసెట్టు తీశాడు. అందులోనూ అదే. అట్టపెట్టె అడుగునుంచి ఒకటి తీశాడు. అందులోనూ.

*

బసవపున్నయ్య దాచలేదు. దాచవలసినదేదో చేశానన్న ఆలోచనే ఆయనకి లేదు. కుర్చీ చూపించి, టీ చెప్పి, తనే ఎత్తుకున్నాడు.

"మీ ఇంట్లో ఎర్తింగు సరిగా లేదయ్యా సోహైలూ. చివర ఆరు నిమిషాలూ గుయ్యిమని హమ్ము కొట్టేసింది. మీటర్లో ముల్లు కూడా ఊగట్లా. నేనే తీసేయించా."

"అది హమ్ము కాదండీ. అది మ్యూజిక్కే."

బసవపున్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. అతని మొహంలోకి చూశాడు. వేళాకోళం ఆడుతున్నాడా అని చూసినట్టుంది.

"ఇరవయ్యేళ్ళబట్టీ ఇదే పనిలో ఉన్నా. హమ్మేదో మ్యూజిక్కేదో నాకు తెలవదంటావా?"

సోహైల్ మోటారు సంగతి, ఫేజుల సంగతి చెప్పుకొచ్చాడు. చెబుతుంటే అతనికే అది పిచ్చిమాటలా వినబడింది. బసవపున్నయ్య అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన పెరిగిన వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది: కొన్నవాడి టేపులో ఖాళీ మిగలకూడదు. పాటలు అయిపోయి మూడు నిమిషాలు మిగిలితే, మోసపోయామని జనం అనుకోకుండా ఏదో ఒకటి నింపాలి. ఎవరైనా చివర ఖాళీ ఉందని క్యాసెట్టు వెనక్కి తెస్తే ఆ వీధిలో అదొక పరువు తక్కువ. అందుకని ఆయన ఒక పిల్లనగ్రోవి ముక్క ఎప్పుడో డబ్బిచ్చి చేయించి ఉంచుకున్నాడు. భజనల చివరా అదే, చర్చి పాటల చివరా అదే. సోహైల్ క్యాసెట్టుకి అది ఉచితంగా వేశాడు. వేసినందుకు సంతోషిస్తాడనుకున్నాడు.

మళ్ళీ వెయ్యడం మాత్రం కుదరదన్నాడు. మిషన్లన్నీ ఈస్టరు దాకా ఖాళీ లేవు. కాస్సేపు ఆలోచించి ఒక దారి చెప్పాడు. కృపానందం గారికి ఈస్టరు సభలకి క్యాసెట్లు కావాలి, ఖాళీ టేపుకి కొరతగా ఉంది. సోహైల్ దగ్గరున్నవన్నీ ఇచ్చేస్తే వాటి మీద ఆ పాటలు ఎక్కించేస్తాడు. టేపు ఖరీదు చేతిలో పెడతాడు.

"తుడిచేస్తారా?" అన్నాడు సోహైల్.

"తుడిచేదేముందయ్యా, మీద ఎక్కిస్తే అదే పోద్ది. ఎవరూ కొనకుండా మంచం కింద ఎలకలు కొట్టే కంటే నయం గదా. సోమారం లోపు చెప్పు."

బయటికొచ్చి సోహైల్ స్కూటరు స్టార్టు చెయ్యకుండా చాలాసేపు దాని మీద కూర్చున్నాడు. బసవపున్నయ్య మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. ఒళ్ళంతా బరువుగా ఉంది, అంతే.

ఇంట్లో కాశిం విని, ఇచ్చెయ్యమన్నాడు. సుత్తి దెబ్బలకి ఆయన చెవులు ఏనాడో మందగించాయి. కొడుకు చేసిందేమిటో ఆయన ఏనాడూ పూర్తిగా వినలేదు. కానీ కాలిన మోటారు మాత్రం గుర్తుంది.

ఆ గురువారం ఇన్‌లాండు ఉత్తరం వచ్చింది. క్యాసెట్టు కవరు మీది చిరునామా చూసి రాశారు. క్యాసెట్టు గురించి వచ్చిన మొదటి ఉత్తరం. అఫ్సానా పైకి చదివింది.

"ఆర్యా, నేను చల్లపల్లిలో పిండిమిల్లు నడుపుచున్నాను. నా భార్య రావమ్మకు నిద్ర పట్టని జబ్బు కలదు. మాటలు లేని సంగీతం ఏదైనా ఇమ్మని అడుగగా షాపు వారు మీ క్యాసెట్టు ఇచ్చినారు. మొదట అంతయు మిషన్ల చప్పుళ్ళు, అవి మేము మిల్లులో రోజూ వినునవే. కాని చివర పిల్లనగ్రోవి మిక్కిలి హాయిగా నున్నది. నా భార్య అది వినుచు నిద్రపోవుచున్నది. అటువంటిది మరొకటి చేసిన యెడల తెలియపరచగలరు. ఇట్లు, హనుమయ్య."

చదివి మడిచి అతని చేతికిచ్చింది. సోహైల్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు.

"ఇచ్చేద్దాం అఫ్సానా. నాకు ఓపిక లేదు."

"ఇచ్చేద్దురు గాని. ఆయనొక్కడికి మాత్రం అసలుది ఇచ్చి రండి. రాసింది ఆయనొక్కడేగా. తర్వాత మీ ఇష్టం."

*

శనివారం ఉదయం అతను ఒక క్యాసెట్టు తీసుకుని, అంచున విరిగిన చిన్న కన్నం మీద సెల్లోటేపు అంటించాడు. అలా అంటిస్తే గాని ఒకసారి ఎక్కించిన క్యాసెట్టు మీద మళ్ళీ రికార్డు కాదు. కంప్యూటరు నుంచి టేప్ రికార్డరుకి వైరు కలిపి, పిల్లనగ్రోవి మీద తన ఆరు నిమిషాలూ ఎక్కించాడు. చొక్కా జేబులో వేసుకుని అవనిగడ్డ బస్సెక్కాడు. ఉయ్యూరు దాటేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత సీటు దొరికితే కిటికీకి తల ఆనించి, చల్లపల్లి వచ్చిందని కండక్టరు తట్టేదాకా నిద్రపోయాడు.

పిండిమిల్లు సంతబజారు వెనక ఉంది. కరెంటు పోయి ఉంది. మిల్లు ఆగి, గోనెల మీద పిండి దుమ్ము మెల్లగా దిగుతోంది. హనుమయ్యకి అరవై ఏళ్ళుంటాయి, కనుబొమల దాకా తెల్లగా పిండే. క్యాసెట్టు మనిషి స్వయంగా వచ్చాడని తెలిసి ఆయన కంగారుపడిపోయి, గోనె దులిపి కూర్చోబెట్టాడు. రావమ్మ లోపల్నుంచి మజ్జిగ తెచ్చింది. బ్యాటరీలతో నడిచే చిన్న టేప్ రికార్డరు మిల్లులోనే, పిండి పడకుండా ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, గూట్లో ఉంది.

సోహైల్‌కి పిల్లనగ్రోవి తనది కాదని చెప్పడమే సిగ్గుగా ఉంది. నేల చూస్తూ చెప్పాడు. పొరపాటు జరిగిందని, మంచి క్యాసెట్టు తెచ్చానని, పాతది ఇచ్చేస్తే తీసుకుపోతానని చెప్పాడు.

రావమ్మ మొహం చిన్నబోయింది. హనుమయ్య ఆమె వంక చూసి, మెల్లగా అన్నాడు.

"అది మాత్రం అడక్కండి బాబూ. ఆరేళ్ళయింది ఈవిడ కంటినిండా నిద్రపోయి. మీరు తెచ్చింది ఇవ్వండి, వింటాం. అదీ ఉంటది, ఇదీ ఉంటది."

సోహైల్ కొత్త క్యాసెట్టు పెట్టాడు. ఏడో ముక్క చివరికి తిప్పి, మీట నొక్కి, పక్కకి జరిగి కూర్చున్నాడు. మొదట అరనిమిషం ఏమీ వినబడలేదు. హనుమయ్య మర్యాదకి తల వంచుకుని వింటున్నట్టు కూర్చున్నాడు. రావమ్మ మజ్జిగ గ్లాసులు తీసుకుంది. వీధిలో ఎవరో కట్టెల బండి తోలుకుపోతున్నారు. సోహైల్ తన కాలి వేళ్ళు చూసుకుంటూ, తిరుగు బస్సు ఎన్నింటికో అనుకుంటున్నాడు.

మూలుగు పైకి రావడం మొదలైంది.

హనుమయ్య తల ఎత్తాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క ఉదుటున గోనె మీంచి లేచి, సోహైల్ మోకాలు తొక్కుకుంటూ మోటారు వైపు పరిగెత్తాడు.

"రావా, మెయిను కట్టెయ్! రెండు ఫేజులే వచ్చినయ్!"

రావమ్మ గ్లాసులు అక్కడే పడేసి గోడ దగ్గరికి ఉరికింది. మెయిను దించింది. హనుమయ్య స్టార్టరు పెట్టె మీద ఎర్రబొత్తాం రెండుసార్లు గుద్దాడు. మూలుగు ఆగలేదు. ఆయన వంగి, అరచెయ్యి మోటారు మీద వేశాడు. చల్లగా ఉంది. అటు తిప్పి చేతి వెనకవైపు ఆనించి చూశాడు. పైకి చూస్తే బల్బు వెలగడం లేదు. మూలుగు వెనకనుంచి వస్తోంది. మెల్లగా వెనక్కి తిరిగి, గూట్లో ఉన్న టేప్ రికార్డరు వంక చూశాడు.

సోహైల్ లేచి నిలబడ్డాడు. ఆపుదామని చెయ్యి చాపాడు. హనుమయ్య వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. రొప్పుతూ అక్కడే, మోటారు మీద చెయ్యి తీయకుండా, నిలబడి విన్నాడు. రావమ్మ మెయిను పిడి పట్టుకునే ఉంది. మిగిలిన నిమిషాలన్నీ ఎవరూ కదల్లేదు. టేపు అయిపోయి మీట టక్కుమని లేచింది.

"ఇదెక్కడ పట్టారండీ?" అన్నాడు హనుమయ్య.

సోహైల్ చెప్పాడు. మోటారు కాలిపోయిందని కూడా చెప్పాడు. హనుమయ్య తనవి రెండు కాలాయని, రెండోది కాలినప్పుడు తను ఊళ్ళో లేడని, వచ్చేసరికి మిల్లంతా కమురు వాసనని చెప్పాడు. ఆ మాటలు చెబుతూ గోనె మీదికి వచ్చి కూర్చున్నాడు. నుదుటి చెమటకి పిండి తడిసి చారలు కట్టింది.

"బాగుందని అంటే అబద్ధమవుద్ది బాబూ. కానీ కూర్చోలేకపోయా."

రావమ్మ పగిలిన గ్లాసు పెంకులు ఏరుతూ, ఇది మాత్రం పొద్దుగూకాక పెట్టొద్దని భర్తకి చెప్పింది. పెడితే ఇద్దరికీ నిద్రుండదంది. ముగ్గురూ నవ్వారు. సోహైల్ పగిలిన గ్లాసుకి డబ్బివ్వబోతే వాళ్ళు వినలేదు.

తిరుగు బస్సులో అతనికి నిద్ర రాలేదు. భుజం నొప్పి అలాగే ఉంది, ఒళ్ళు పొద్దున్నటికంటే ఎక్కువ అలిసి ఉంది. పద్నాలుగేళ్ళలో తను వాయించింది విని, ఉన్నచోటునుంచి మనిషి లేవడం అతను చూడలేదు.

*

సోమవారం వన్ టౌన్ వెళ్ళి క్యాసెట్లు ఇవ్వడం లేదని చెప్పాడు. బసవపున్నయ్యకి అర్థం కాలేదు. రెండొందల డెబ్భై అయిదూ ఇంట్లో కూచుని ఒక్కోటీ ఎక్కిస్తావా అని అడిగాడు. అవునన్నాడు. అది చేసేసరికి ముసలాడివైపోతావన్నాడు బసవపున్నయ్య. అయినా రెండు సెల్లోటేపు చుట్టలు కౌంటరు మీద పెట్టి, ఊరికే తీసుకెళ్ళమన్నాడు.

అఫ్సానా కన్నాలకి టేపు అంటించేది. అతను ఏడో ముక్క చివర దాకా తిప్పి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా పిల్లనగ్రోవి ఎత్తుకునే ముందు మీట నొక్కేవాడు. ఆరు నిమిషాలు ఎక్కించడానికి, మళ్ళీ ఆరు నిమిషాలు విని చూసుకోవడానికి. మిషన్ల మీద అతనికి నమ్మకం పోయింది. మధ్యలో కరెంటు పోతే మొదటికొచ్చేది. ఒక్కోరోజు నాలుగు అయ్యేవి, ఒక్కోరోజు ఒకటి కూడా అయ్యేది కాదు. పెళ్ళిళ్ళున్న వారం ముట్టుకునేవాడే కాదు. అంతసేపూ ఆ మూలుగు ఇంట్లో తిరుగుతూ ఉంటే, కాశిం ఎలాగో అది పసిగట్టి, గుమ్మంలో నిలబడి ఇంకా ఎన్ని మోటార్లు తగలేస్తావురా అనేవాడు.

ఆగస్టులో టేప్ రికార్డరు హెడ్డు అరిగిపోయింది. బాగు చేసేవాడు ఇక మార్చడమే గాని బాగుపడదన్నాడు. అప్పటికి నూట అరవై మూడు అయ్యాయి. మిగిలిన నూట పన్నెండూ సోహైల్ స్కూటరు మీద వేసుకెళ్ళి బసవపున్నయ్యకి ఇచ్చేశాడు. వాటి మీద కృపానందం గారి క్రిస్మస్ పాటలు ఎక్కాయి. ఆ పాటలకి కీబోర్డు వాయించింది కూడా సోహైలే.

హనుమయ్యకిచ్చింది పోగా నూట అరవై రెండింటిని ఏలూరు, గుడివాడ, బందరు షాపుల్లో అయిదేసి, పదేసి పెట్టాడు. షాపులవాళ్ళు అప్పటికే క్యాసెట్లు కింది అరలోకి దించి, పైన సీడీలు సర్దుకుంటున్నారు. ఎన్ని అమ్ముడయ్యాయో అతనికి సరిగా తెలియదు. అడగడానికి వెళితే టీ ఇచ్చి వేరే మాట మాట్లాడేవాళ్ళు.

మరుసటి ఏడు గుడివాడ నుంచి ఒక కార్డు వచ్చింది. క్యాసెట్టు చివర ఏదో గుయ్యిమంటూ పాడైపోయిందని, మార్చి ఇవ్వాలని, లేదా డబ్బు పంపాలని రాశారు. అప్పుడు సోహైల్ వాకిట్లో ఆ సాయంత్రం రిసెప్షనుకి కీబోర్డు వైర్లు చుట్టుకుంటున్నాడు. చుట్టడం ఆపి, కార్డు రెండుసార్లు చదివాడు. అఫ్సానాని పెన్ను తెమ్మన్నాడు. రెండు ముక్కలు రాశాడు.

"పాడవలేదండీ. ఒకసారి ఆఖరిదాకా వినండి. అప్పటికీ వద్దనిపిస్తే పంపించండి, డబ్బు ఇస్తాను."

జవాబు రాలేదు. క్యాసెట్టు కూడా వెనక్కి రాలేదు.